పన్‌చక్కీ దగ్గర పదిహేను నిమిషాలు చాలవు

షిర్డీ, ఎల్లోరా యాత్రలు నడిపే ట్రావెల్స్ వాళ్ళకు, డ్రైవర్ అన్నలకు, బస్సులో మైకు పట్టుకునే గైడ్ తమ్ముళ్ళకు నమస్కారం.

నేను మీ పాత ప్యాసింజర్‌ని. నిజామాబాద్ వైపు నుంచి మూడుసార్లు షిర్డీ యాత్రకు వచ్చాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, అత్తమ్మను తీసుకుని ఒకసారి, పోయిన చలికాలం మా కాలనీ ఆడవాళ్ళతో కలిసి ఒకసారి. బండ్లు మారాయి, డ్రైవర్లు మారారు, టీవీలో వేసే సినిమా మారింది. ప్రోగ్రాం మాత్రం అదే. బాబా దర్శనం, శని శింగణాపూర్, మర్నాడు ఘృష్ణేశ్వరం, ఎల్లోరా, దౌలతాబాద్ కోట కింద నిలబడి ఒక ఫొటో, ఆ తర్వాత బీబీ కా మక్బరా. అందరికీ కాళ్ళు పీకి, పిల్లలు ఏడుపు లంకించుకున్నాక, పొద్దు వాలే వేళకు పన్‌చక్కీ, అంటే ఔరంగాబాద్‌లో నీళ్ళతో తిరిగే పాత పిండిమర.

"పదిహేను నిమిషాలే అమ్మా. టీ తాగేటోళ్ళు తాగండి, బాత్రూమ్‌కు పోయేటోళ్ళు పోయి రండి. బండి ఇక్కడనే ఉంటది."

దానికి ముందు చీరల షాపు దగ్గర గంటన్నర ఆపారు. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు, నేనే రెండు కొన్నాను. కానీ గంటన్నర ఎక్కడ, పావుగంట ఎక్కడ?

మైకులో చెప్పే కథలు ఇంకో ఎత్తు. మొదటి యాత్రలో అది గాలిమర అన్నారు. పవన్‌చక్కీ అనుకున్నట్టున్నారు పాపం. ఇక్కడ 'పన్' అంటే పానీ, నీళ్ళు. రెండోసారి ఔరంగజేబు తన బేగం కోసం కట్టించిన ఫౌంటెన్ అన్నారు. మూడోసారి, "ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇప్పటికీ సైంటిస్టులకే తెలియదు" అన్నారు. బస్సంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. పక్క సీటు ఆమె, "ఏమైంది వదినా, తలనొప్పా?" అని అడిగింది.

తలనొప్పి కాదు. నేను గిర్ని ఇంట్లో పుట్టినదాన్ని. ఆంధ్రా వైపు పిండిమర అంటారు, హైదరాబాద్‌లో చక్కీ అంటారు, మాకు గిర్ని. మరాఠీ వాళ్ళదీ అదే మాట. మా నాయన ముప్పై ఏళ్ళు గిర్ని నడిపాడు. డీజిల్ ఇంజన్, పొడుగాటి పట్టా, పిండి పడే మూతికి కట్టిన గుడ్డ సంచి. జొన్నలు, గోధుమలు, మక్కలు ఎవరివి వాళ్ళవి డబ్బాల్లో వరసగా ఉండేవి. పిండి పడుతుంటే నాయన ఆ సంచి కింద అరచెయ్యి పెట్టేవాడు. వేడి తగిలితే రాళ్ళు మరీ దగ్గరకు వచ్చినట్టు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని రాసి చూసేవాడు. బరక తగిలితే రాళ్ళు దూరమైనట్టు, లేదా కక్కు, అంటే రాతి మీది గాట్లు, అరిగినట్టు. కక్కు అరిగిన రోజు గిర్ని బంద్. పైరాయి దించి, బోర్లా వేసి, ఉలీ సుత్తీ పట్టుకుని గంటల తరబడి టక్ టక్ మని గాట్లు కొట్టేవాడు. ఆ చప్పుడులోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను.

అందుకే మీరు మైకులో గాలిమర అన్నప్పుడు, ఫౌంటెన్ అన్నప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. అది గిర్ని. నీళ్ళ మీద నడిచిన గిర్ని. దాని కథ నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. వచ్చే ట్రిప్పులో చదివి వినిపించినా సరే, మీ మాటల్లో చెప్పినా సరే.

మీ బస్సు ఎక్కినవాళ్ళందరికీ చప్పున పట్టుకునే మాట ఒకటుంది. పన్‌చక్కీ ఉన్నది ఒక దర్గా ఆవరణలో. ఆ దర్గా బాబా షా ముసాఫిర్‌ది. ముసాఫిర్ అంటే బాటసారి, ప్యాసింజర్. బుఖారా దగ్గరి గిజ్దువాన్ అనే ఊరి నుంచి, అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్ నుంచి, ఔరంగజేబు కాలంలో ఔరంగాబాద్ చేరిన సూఫీ ఆయన, నక్ష్‌బందీ మార్గం వాడు. ఆయన గురువు షా పలంగ్‌పోష్. ఆ పేరుకు చిరుతపులి తోలు కప్పుకున్నవాడని అర్థం. గురువుగారు మొదటి నిజాం తండ్రి ఫిరోజ్ జంగ్ సైన్యం వెంట తిరిగేవారు. శిష్యుడు ఊళ్ళో కుదురుకున్నాడు. గురుశిష్యులిద్దరి సమాధులూ ఆ ఆవరణలోనే ఉన్నాయి.

మధ్య ఆసియా నుంచి దక్కన్‌కు వచ్చే సిపాయిలు, ఫకీర్లు, పని వెతుక్కుంటూ వచ్చే కుర్రాళ్ళు ఈ చోట దిగేవారు. మసీదు, మదరసా, సరాయి అన్నీ ఒకే ప్రాకారంలో లేచాయి. సరాయి అంటే సత్రమే. సత్రం అన్నాక పొద్దున లేస్తే రొట్టె కావాలి. రొట్టెకు పిండి కావాలి. వందమందికి రోజూ పిండి ఎవరు విసురుతారు?

మీ అమ్మమ్మనో నానమ్మనో అడిగి చూడండి, ఇసుర్రాయి ముందు ఎన్నింటికి కూర్చునేదో. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కాళ్ళు చాపి కూర్చుని, ఒకే పిడిని నాలుగు చేతులతో తిప్పుతూ, నిద్ర రాకుండా పాట కట్టుకుంటే తప్ప ఇంటిల్లిపాదికీ పూట గడవదు. మనకు తిరగలి పాటలున్నట్టే మరాఠీ ఆడవాళ్ళకు ఇసుర్రాయి దగ్గర పాడుకునే ఓవీలున్నాయి. ఇక సత్రానికి సరిపడా విసరాలంటే బానిసలో, కూలీలో, పశువులో ఉండాలి. ఇక్కడివాళ్ళు ఆ పనిని నీళ్ళకు అప్పజెప్పారు. దర్గాకు వచ్చిన యాత్రికులకు, శిష్యులకు, ఊళ్ళో ఉన్న పటాలం సిపాయిలకు ఆ మరలోనే పిండి ఆడేదని పాత గెజిటీర్లు రాశాయి. ఎల్లోరా శిల్పం ముందు నోరు తెరుచుకుని నిలబడతాం, నిలబడాల్సిందే. కానీ ఒక పూట ఆడమనిషి చేతులకు విశ్రాంతి ఇచ్చిన రాయి ముందు కూడా కాసేపు నిలబడాలని నా పట్టు.

కట్టించింది ఔరంగజేబు కాదు. మొదటి నిజాం, అంటే నిజాముల్ ముల్క్ ఆసఫ్‌జా, కొలువులోని తుర్క్‌తాజ్ ఖాన్ అనే సర్దారు మరను పెట్టించాడు. మసీదు ముందరి పొడుగాటి నీళ్ళ తొట్టి, అందులోని ఫౌంటెన్లు తర్వాత జమీల్ బేగ్ ఖాన్ చేర్చాడు. సంవత్సరం చెప్పాల్సి వస్తే ఒక్కటే చెప్పి చేతులు దులుపుకోకండి. ఒక పుస్తకంలో 1695 ఉంటుంది, ఇంకో చోట 1744 ఉంటుంది. మన ఊళ్ళో గుడి గర్భాలయం ఒకరు, మండపం ఒకరు, గాలిగోపురం ఇంకొకరు కట్టించినట్టే ఇదీ కొంచెం కొంచెంగా పెరిగింది.

ఇక నీళ్ళ సంగతి. సైంటిస్టులకు తెలియకపోవడానికి అందులో ఏ మర్మమూ లేదు. ఊరికి ఉత్తరాన హర్సూల్ వైపు, కొండల దగ్గర ఊటనీళ్ళు పట్టారు. అక్కడి నుంచి కిలోమీటర్ల దూరం నేల కింద మట్టి గొట్టాలు వేసి, చుట్టూ సున్నంతో రాళ్ళు పేర్చి నీళ్ళు తెచ్చారు. ఆ ఊళ్ళో దీన్ని నహర్ అంటారు. పన్‌చక్కీ నహర్ మొదటిదేమీ కాదు. దానికంటే ముందే మాలిక్ అంబర్ తవ్వించిన నహర్ ఉంది. అంబర్ కథ వేరే ఉత్తరానికి సరిపోతుంది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చేతులు మారి మారి దక్కన్‌కు చేరి, అహ్మద్‌నగర్ నిజాంషాహీకి (మన హైదరాబాద్ నిజాం కాదు, అంతకు ముందరి సుల్తానుల రాజ్యం) పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. 1610లో ఖడ్కీ అనే ఊరిని రాజధానిగా నిలబెట్టాడు. ఆ ఖడ్కీయే తర్వాత ఔరంగాబాద్, ఇప్పుడు కాగితాల మీద ఛత్రపతి సంభాజీనగర్. ఎండాకాలం గొంతెండే నేల అది. అక్కడ ఊరు కట్టాలంటే ముందు నీళ్ళు కట్టాలని ఆయనకు తెలుసు. ఆ విద్య ఊళ్ళో నిలిచిపోయింది, తర్వాత వచ్చినవాళ్ళు వాడుకున్నారు.

బస్సులో పిల్లలు, "పంపు లేకుండా నీళ్ళు పైకి ఎట్లా ఎక్కాయి?" అని అడుగుతారు. పోయినసారి మా పక్కింటి పిల్లవాడు అడిగితే గైడ్ తమ్ముడు, "పాతకాలం టెక్నాలజీ బాబూ" అన్నాడు. దీనికి జవాబు ప్రతి ఇల్లు కట్టేచోటా కనబడుతుంది. తాపీమేస్త్రీ సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్ళు నింపి, ఒక కొస ఈ గోడకు, ఇంకో కొస ఆ గోడకు పట్టి లెవెల్ చూస్తాడు కదా. మధ్యలో పైపు నేలమీద ఎంత వేలాడినా రెండు కొసల్లో నీళ్ళు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి. ఇక్కడా అంతే. కొండ దగ్గర నీళ్ళు ఎత్తులో ఉన్నాయి, గొట్టం మూసి ఉంది, కాబట్టి ఊళ్ళోకి వచ్చాక ఇటుక స్తంభంలో ఇంచుమించు ఆ ఎత్తుదాకా తమంతట తామే ఎక్కుతాయి. ఆ స్తంభం నుంచే గోడ మీదుగా తొట్టిలోకి నీళ్ళ తెర జారుతుంది. మీ ప్యాసింజర్లు సెల్ఫీ దిగేది దాని ముందే.

తొట్టి పొడవు 164 అడుగులు, వెడల్పు 31 అడుగులు. అక్కడ బెంచీల మీద కూర్చుని టీ తాగేవాళ్ళలో నూటికి తొంభైమందికి వాళ్ళ కాళ్ళ కింద ఏముందో తెలియదు. తొట్టి అడుగు భాగమే కింద ఒక పెద్ద హాలుకు కప్పు. నెత్తిన అంత నీరు ఉంటే ఎండాకాలం ఆ హాలు ఎంత చల్లగా ఉంటుందో వేరే చెప్పాలా? మిగిలిన నీళ్ళు పక్కనే ఉన్న ఖామ్ నదిలోకి పోతాయి. ఆ నది ఇవాళ ఏ స్థితిలో ఉందో మహమూద్ దర్వాజా వంతెన దాటేటప్పుడు మీరు రోజూ చూస్తూనే ఉంటారు.

తొట్టి పక్కన పెద్ద మర్రి ఉంది. 600 ఏళ్ళదని చెబుతారు. ఆ మాటే నిజమైతే, ఈ ఊరు ఊరు కాకముందే అక్కడ ఆ చెట్టు ఉన్నట్టు.

ఇప్పుడు నా అసలు వస్తువు, మర. బస్సు దిగినవాళ్ళు చూడకుండా వచ్చేది దాన్నే. నీటిమర అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేది బండి చక్రంలా నిలువుగా నిలబడి, బొక్కెనల్లో నీళ్ళు పట్టుకుంటూ తిరిగే చక్రం. ఇక్కడ అది కనబడదు. అందుకే చాలామంది, "చక్రం ఏదీ?" అని అడిగి తిరిగొచ్చేస్తారు. ఇక్కడి చక్రం పడుకుని ఉంటుంది, ఇంట్లో సీలింగ్ ఫ్యానును తిరగేసి నేలకు బిగించినట్టు. ఇనుప రెక్కలు. నీళ్ళు వేగంగా వచ్చి రెక్కల మీద ఒక పక్కన కొడతాయి, చక్రం తిరుగుతుంది. దాని నడుమ నుంచి ఒక ఇరుసు నిలువుగా పైకి పోతుంది. పైన రెండు రాళ్ళు. కిందిది కదలదు, ఇరుసు దాని మధ్య బెజ్జంలోంచి పైకి వచ్చి పైరాయిని తిప్పుతుంది. పళ్ళ చక్రాలు లేవు, పట్టా లేదు. కింద చక్రం ఒక చుట్టు తిరిగితే పైన రాయీ ఒక చుట్టే తిరుగుతుంది. హిమాలయాల్లో సెలయేళ్ళ పక్కన ఘరాట్ అని పిలిచే మరలూ ఈ కుటుంబమే.

మా నాయన గిర్నిలో ఇంజన్ చేసిన పనిని ఇక్కడ నీళ్ళు చేస్తాయి, అంతే తేడా. మిగతాది అంతా మన ఇసుర్రాయే. నడుమ కంతలో గింజలు పోయడం, రాళ్ళ మధ్య సందులో నలుగుతూ నలుగుతూ అంచుకు రావడం, పిండై చుట్టూ రాలడం. ఆ మరకు కూడా ఎవరో ఒకరు కక్కు కొట్టే ఉంటారు. తుర్క్‌తాజ్ ఖాన్ పేరు మిగిలింది, ఉలి పట్టినవాడి పేరు మిగల్లేదు.

ఎంత బలం అంటారా? లెక్క ఇష్టపడే పిల్లలుంటే చెప్పండి. సెకనుకు పది లీటర్ల నీళ్ళు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే దాదాపు 98 వాట్ల శక్తి. గట్టి మనిషి పొద్దంతా చేయగల పని 75 వాట్ల దగ్గర ఉంటుంది. చక్రంలో కొంత వృథా పోగా, ఒక మనిషికి సమానమనుకుందాం. మీటరు కాక మూడు మీటర్లు పడితే ముగ్గురు మనుషులు. వాళ్ళకు అలుపు లేదు, రాత్రీ పగలూ తేడా లేదు. ఒక్కటే షరతు, నీళ్ళు రావాలి. అందుకే వానాకాలం దాటాక, నహర్ నిండుగా పారే రోజుల్లో వెళ్తే పన్‌చక్కీ అందమే వేరు. ఏప్రిల్, మే ట్రిప్పుల్లో చప్పగా ఉంటే ఆ తప్పు మీది కాదు.

మనకూ దీనికీ ఏం సంబంధమని ఎవరైనా అడగొచ్చు. హైదరాబాద్ వాళ్ళే అడిగితే నాకు నవ్వొస్తుంది. మొదటి నిజాం ఉన్న ఊరు ఔరంగాబాద్. నిజాం అలీఖాన్ 1763లో రాజధానిని హైదరాబాద్‌కు మార్చాడు. ఆ తర్వాత కూడా 1956 దాకా మనమూ, ఆ మరాఠ్వాడా జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాం. మా తాత నాందేడ్ సంతకు బండి కట్టుకుని పోయేవాడు, అది పరాయి రాష్ట్రమని ఆయనకు చివరిదాకా అలవాటు కాలేదు. ఇంకో సంగతి. ఎల్లోరా నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో ఖుల్దాబాద్ తగులుతుంది. ఔరంగజేబు సమాధి అక్కడ ఉందని మీరు మైకులో చెబుతారు. మొదటి నిజాం సమాధి, మాలిక్ అంబర్ సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాయి. నీళ్ళు తెచ్చే విద్యను ఊరికి అలవాటు చేసినవాడు, మర పెట్టించిన సర్దారుకు దొర, ఇద్దరూ మీ బస్సు రూటులోనే పడుకుని ఉన్నారు. ఆ ఒక్క వాక్యం ఖుల్దాబాద్ దగ్గర చెప్పి ఉంచితే, సాయంత్రం పన్‌చక్కీ దగ్గర కథ అతుక్కుంటుంది.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. చీరల షాపులో ఒక ఇరవై నిమిషాలు తగ్గించి ఇక్కడ కలపండి. వీలైతే మక్బరా కంటే ముందే ఇక్కడికి రండి, మధ్య దూరం ఎక్కువేం కాదు. మనుషుల కాళ్ళలో ఇంకా ఓపిక ఉంటుంది. దిగగానే తొట్టి దగ్గర వదిలేయకుండా ముందు మర దగ్గరికి తీసుకుపోండి. రాయి చూపించి, రెక్కలు చూపించి, ఆ తర్వాత నీళ్ళు పడే గోడ దగ్గరికి రండి. అప్పుడు ఆ జలపాతం ఎందుకు పడుతోందో వాళ్ళకే తెలుస్తుంది. అది దర్గా అని కూడా బస్సులోనే చెప్పండి. సమాధుల వైపు పోయేటప్పుడు చెప్పులు విడవాలి, గొంతు తగ్గించాలి. తొట్టిలో చేపలకు బిస్కెట్లు, చిప్స్ విసరొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. పోయినసారి మా బండిలో పిల్లలే ఒక ప్యాకెట్ మొత్తం నీళ్ళపాలు చేశారు, తల్లులు వీడియో తీస్తున్నారు.

మీ కష్టం నాకు తెలియనిది కాదు. రాత్రంతా బండి నడిపి, పొద్దున క్యూలైన్లో ఎవరో తప్పిపోతే వెతికి, రూముల దగ్గర వేడినీళ్ళు రాలేదని తిట్లు తిని, సాయంత్రానికి మీకు మైకు పట్టుకునే ఓపిక ఎక్కడుంటుంది? అందుకే ఇంత పొడుగు ఉత్తరం నేనే రాశాను. ఇందులో సగం చెప్పినా చాలు.

సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వస్తున్నాం, పదహారు మందిమి. అడ్వాన్స్ ఇచ్చేముందు రేటు, ఏసీ, రూములు అన్నీ మా ఆయన మాట్లాడతారు. పన్‌చక్కీ దగ్గర ఎంతసేపు ఆపుతారన్నది నేను అడుగుతాను. ఈసారి మా నాయన కూడా వస్తున్నాడు. 78 ఏళ్ళు. గిర్ని మూసేసి చాలా ఏళ్ళయింది కానీ ఇప్పటికీ ఎవరింట్లో రొట్టె తిన్నా పిండి ఎక్కడ పట్టించారని అడుగుతాడు. బండి దిగి లోపలికి నడవడానికే ఆయనకు పది నిమిషాలు పడుతుంది. రాయి దగ్గర ఎంతసేపు నిలబడతాడో నేను చెప్పలేను. దయచేసి హారన్ కొట్టొద్దు.

ఇట్లు,
మీ ప్యాసింజర్